లూప్‌లైన్లో ఆగిన ప్యాసింజర్

అనంతగిరి ఘాట్‌రోడ్డు మీద కారు ఆగేసరికి పదకొండు దాటింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. రోడ్డుకి ఓ పక్క సిల్వర్‌ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని పైకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. మరో పక్క టార్పాలిన్ పందిరి కింద చిన్న దుకాణం. దాని ముందు నిప్పుల మీద వరసగా పేర్చిన వెదురు బొంగులు.

‘‘బొంగు చికెన్ తిందామా నాన్నా?’’ అంది కూతురు.

‘‘తిందాం. ఈ గాలికి ఆకలి దానంతటదే వేస్తుంది’’ అంటూ తండ్రి కారు దిగారు.

ఆయన వాల్తేరు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చాలా ఏళ్లు ఈ ఘాట్ స్టేషన్లలోనే గడిచిపోయాయి. ఆమె హైదరాబాద్‌లో చిప్ డిజైన్ ఇంజినీరు. ఇద్దరూ కలిసి ఇలా బయటికి రావడం చాన్నాళ్లకి ఇదే.

తండ్రీకూతుళ్ల మధ్య ఒక ప్రశ్న ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ‘ఇంతకీ నువ్వు చేసే పనేంటమ్మా?’ ఆయన అడిగినప్పుడల్లా ‘కంప్యూటర్ పని నాన్నా’ అనేసేది. చుట్టాలు అడిగితే ఆయన ‘సాఫ్ట్‌వేర్’ అనేవారు. ‘సాఫ్ట్‌వేర్ కాదు నాన్నా, హార్డ్‌వేర్’ అని ఆమె సరిదిద్దింది. సరే కదా అని ఆయన బావగారితో అదే మాట చెబితే, ‘అయితే మా ఇంట్లో కంప్యూటర్ పాడైంది, ఓసారి చూడమనండి’ అన్నారట ఆ పెద్దాయన. ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు. ఆమె చెప్పడమూ మానేసింది.

అడగనిది మరొకటీ ఉంది. మూడేళ్ల కిందట ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్‌కి కూతురు రాలేదు. శాలువా కప్పుతున్నప్పుడు ఆయన కళ్లు గుమ్మం వైపే ఉన్నాయని తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

టీ ముందు... బొంగు వెనక

దుకాణం నడిపే గిరిజన మహిళ నిప్పుల్ని కర్రతో సర్దుతూ పలకరించింది. ‘‘కూకోండి బాబూ. బొంగు కాలడానికి ముప్పావు గంటవుద్ది. ఈలోపల టీ తాగుతారా?’’

వీళ్లకంటే ముందు ఒక జీపు వచ్చి ఆగి ఉంది. అందులోని కుటుంబం బొంగు చికెన్ చెప్పి ఎదురుచూస్తోంది. వీళ్ల తర్వాత మోటార్‌సైకిల్ మీద ఇద్దరు కుర్రాళ్లు వచ్చి టీ అడిగారు. ఆ వెనకే ఒక లారీ డ్రైవరు వచ్చి కాల్చిన మొక్కజొన్న పొత్తు అడిగాడు. ఆమె ముందుగా కుర్రాళ్లకి టీ ఇచ్చేసింది. తర్వాత డ్రైవరుకి పొత్తు ఇచ్చింది. అందరికంటే ముందొచ్చిన జీపువాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. ఎవరూ గొడవ పడలేదు.

‘‘నాన్నా, నా పనేంటని అడిగేవాడివి కదా. ఇదే’’ అంది కూతురు.

‘‘టీ కొట్టా?’’

‘‘దాని వెనకున్న లెక్క!’’

కంప్యూటరు గుండెకాయ లాంటి ప్రాసెసర్‌కి పని అంతా ఆదేశాల రూపంలో అందుతుంది. ఈ అంకె తీసుకురా, ఆ రెండూ కూడు, వచ్చింది అక్కడ పెట్టు... ఇంతింత చిన్నవి. మనం ఫోన్‌లో ఒక ఫొటో తెరిస్తే చాలు, కోట్ల ఆదేశాలు వరసకట్టి వస్తాయి. వాటిలో ఏది ఎప్పుడు మొదలవ్వాలి, ఏది ఏ విభాగానికి వెళ్లాలి, ఏది ఆగాలి అని నిర్ణయించడమే ‘ఇన్‌స్ట్రక్షన్ షెడ్యూలింగ్’. ఆమె పనిచేసేది ఆ నిర్ణయాలు తీసుకునే భాగం మీద.

‘‘వచ్చిన వరసలోనే చేసుకుపోతే సరిపోదూ? ఇందులో నిర్ణయించడానికేముంది?’’ అన్నారాయన.

‘‘ఆవిడ అలాగే చేసుంటే ఆ కుర్రాళ్లు టీ కోసం ముప్పావు గంట కూర్చోవాలి. పొయ్యి ఖాళీ, పాలు సిద్ధం, టీపొడి సిద్ధం. అయినా ముందున్న బొంగు కాలలేదు కాబట్టి ఆగాలి!’’

ప్రాసెసర్ లోపల ఈ బొంగు ఆలస్యం ఎంత ఉంటుందో వింటే ఆశ్చర్యమేస్తుంది. మూడు గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్ అంటే దాని గడియారం సెకనుకి 300 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. రెండు టిక్కుల మధ్య వెలుగు కూడా పది సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేదు. అంత వేగంగా పనిచేసే యంత్రం మెయిన్ మెమరీ నుంచి ఒక అంకె తెప్పించుకోవాలంటే సుమారు 300 టిక్కులు పట్టొచ్చు. ఒక్కో టిక్కుని ఒక్కో సెకను అనుకుంటే, పక్కనే ఉన్న మెమరీకి వెళ్లి రావడానికి అయిదు నిమిషాలు. అదే లెక్కన పాతకాలపు హార్డ్‌డిస్క్ దాకా వెళ్లి రావాలంటే దాదాపు ఏడాది! ఆ అయిదు నిమిషాలూ వెనకున్నవన్నీ చేతులు కట్టుకుని నిలబడితే, టిక్కుకి నాలుగైదు ఆదేశాలు పూర్తిచేయగల యంత్రం వెయ్యికి పైగా పనుల్ని పోగొట్టుకున్నట్టే.

అందుకే మంచి ప్రాసెసర్ ముందు ఒకటి చూస్తుంది... ఏది దేనికోసం ఆగాలి?

పాలు వేరు... గ్లాసు వేరు

‘‘పాలు కాగకుండా టీ రాదు. అక్కడ ఆగక తప్పదు. కానీ పాలు కాగాయి, టీ సిద్ధం, గ్లాసు ఖాళీగా లేదు... అప్పుడు?’’ అని అడిగింది కూతురు.

‘‘ఇంకో నాలుగు గ్లాసులు కొనుక్కోవాలి’’ అన్నారాయన తడుముకోకుండా.

అచ్చంగా అదే పరిష్కారం ప్రాసెసర్లలోనూ ఉంది. అంకెల్ని తాత్కాలికంగా దాచుకునే అరల్ని రిజిస్టర్లు అంటారు. ప్రోగ్రాముకి కనిపించే అరలు కొన్నే. రెండు పనులకి ఒకదానితో ఒకటి సంబంధం లేకపోయినా, ఒకే అర వాడుకోవాలి కాబట్టి రెండోది ఆగాల్సి వస్తుంది. అది నిజమైన అవసరం కాదు, గ్లాసుల కొరత. అందుకని లోపల బోలెడన్ని అరలు పెట్టి, ఒకే పేరున్న వాటికి రహస్యంగా వేరువేరు పేర్లు ఇస్తారు. దాంతో పాల కోసం ఆగేవాళ్లే ఆగుతారు, గ్లాసు కోసం ఎవరూ ఆగరు.

ఈ ఆలోచనలు నిన్నా మొన్నటివి కావు. 1964లో అమెరికాలో సేమూర్ క్రే బృందం తయారుచేసిన ‘సీడీసీ 6600’ అప్పట్లో ప్రపంచంలోకెల్లా వేగవంతమైన కంప్యూటర్. లెక్కలు చేయడానికి అందులో పది విభాగాలు ఉండేవి. ఏ విభాగం ఖాళీగా ఉంది, ఏ ఆదేశం దేనికోసం చూస్తోంది అని కనిపెట్టి ఉండటానికి జేమ్స్ థార్న్‌టన్ ‘స్కోర్‌బోర్డు’ పెట్టారు. 1967లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ టొమసులో మరో అడుగు ముందుకేశారు. కావాల్సిన అంకెలు ఇంకా అందని ఆదేశాలు పక్కన కూర్చుని వేచి ఉండటానికి కొన్ని గదులు కట్టారు. వాటి పేరు...

‘‘రిజర్వేషన్ స్టేషన్లు’’ అంది కూతురు.

ఆయన పకపకా నవ్వారు. ‘‘అంటే మావాళ్ల దగ్గర్నుంచే కొట్టేశారన్నమాట!’’

‘‘పేరు సంగతి తెలీదు కానీ పని మాత్రం మీదే నాన్నా. మెయిన్‌లైన్ ఆగకుండా, ఆగాల్సిన బండిని లూప్‌లైన్లో పెట్టడం.’’

ఆ మాటకి ఆయన నవ్వు కొంచెం తగ్గింది.

పప్పు ముందు, పెరుగు చివర

‘‘అయితే ఒక అనుమానం. ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు ముందుకెళ్లిపోతే లెక్క తప్పదూ? ముందు డబ్బు వేసి తర్వాత తియ్యాల్సింది, ముందు తీసేస్తే?’’ అన్నారాయన. ముప్పై ఏళ్లు ట్రెయిన్ రిజిస్టర్ రాసిన మనిషికి రావాల్సిన అనుమానమే.

జవాబు పెళ్లిభోజనంలో ఉంది. వంటశాలలో ఏది ముందు వండారో ఎవరికీ పట్టదు. ఏ పొయ్యి ఖాళీగా ఉంటే దాని మీద అది ఎక్కుతుంది. పెరుగు రాత్రే తోడుపెట్టి ఉంటారు. అయినా విస్తట్లోకి వచ్చేటప్పుడు పప్పు, కూర, పులుసు, చివరికే పెరుగు. సిద్ధంగా ఉంది కదా అని పెరుగు ముందు వడ్డించరు.

ప్రాసెసర్ కూడా లోపల ఏ వరసలో వండినా, బయటికి వడ్డించేది మాత్రం ప్రోగ్రాము రాసిన వరసలోనే. ముందే పూర్తయిన ఫలితాల్ని ఒక గదిలో దాచి, వాటి వంతు వచ్చినప్పుడు వదులుతారు. ఈ గదిని ‘రీఆర్డర్ బఫర్’ అంటారు. జేమ్స్ స్మిత్, ఆండ్రూ ప్లెజ్‌కున్ 1985లో దీన్ని వివరించారు. ఇలాంటి ఏర్పాటున్న ఇంటెల్ ‘పెంటియం ప్రో’ 1995లో వచ్చింది. అందులో ఒకేసారి 40 పనుల్ని ఇలా పట్టి ఉంచగలిగేవారు. 2021లో ఇంటెల్ తెచ్చిన ప్రాసెసర్లలోని పెద్ద కోర్లలో ఆ సంఖ్య 512. మన దేశంలోనూ మద్రాసు ఐఐటీ రూపొందించిన ‘శక్తి’ కుటుంబంలో ‘సీ-క్లాస్’ వరస తప్పని రకమైతే, ‘ఐ-క్లాస్’ వరస దాటి పనిచేసే రకం.

ఇంతలో జీపువాళ్ల బొంగు సిద్ధమైంది. దుకాణం ఆమె మసిగుడ్డతో పట్టుకుని వెదురుని చీల్చింది. ఆవిరితోపాటు అల్లం, మసాలా వాసన గుప్పుమంది. జీపువాళ్లు చెప్పినవి రెండే. నిప్పుల మీద అయిదున్నాయి.

‘‘మిగతావి ఎవరికమ్మా?’’ అని అడిగారాయన.

‘‘ఎవులికైనా. ఆదోరం కదా బాబూ, వొస్తారు. వొచ్చినాక ఎక్కిస్తే ఎవులు కూకుంటారు?’’

ఇదీ ప్రాసెసర్లు చేసే పనే. ప్రోగ్రాములో దారి చీలినచోట, ఎటు వెళ్లాలో తేలకముందే ‘ఇటే వెళ్తారులే’ అని ఊహించి ఆ పనులు మొదలుపెట్టేస్తాయి. ఊహ నిజమైతే సమయం కలిసొస్తుంది. తప్పైతే చేసిందంతా పారేసి వెనక్కొస్తాయి. ఏమీ జరగనట్టే!

నిజంగా ఏమీ జరగనట్టేనా? పారేసిన బొంగు కంటికి కనపడకపోవచ్చు. కానీ నిప్పుల్లో బూడిద ఉంటుంది. దాన్ని చూసి ఇక్కడ ఏం వండారో కనిపెట్టేసేవాళ్లూ ఉంటారు. 2018 జనవరిలో బయటపడ్డ ‘స్పెక్టర్’, ‘మెల్ట్‌డౌన్’ అనే లోపాలు అలాంటివే. ఊహించి చేసి, తర్వాత పారేసిన పనుల జాడలు ప్రాసెసర్ లోపలి తాత్కాలిక మెమరీలో మిగిలిపోతున్నాయనీ, వాటిని బట్టి రహస్యాల్ని రాబట్టొచ్చనీ పరిశోధకులు చూపించారు. ఇరవై ఏళ్లకు పైగా వేగం కోసం పడ్డ తాపత్రయానికి అలా ఒక ఖరీదు ఉందని ప్రపంచానికి తెలిసొచ్చింది.

టైంటేబుల్ వేసినవాళ్లూ... కంట్రోలరూ

లోయ అవతలి నుంచి గూడ్సు కూత వినిపించింది. ఆయన అప్రయత్నంగా గడియారం చూసుకున్నారు.

కొత్తవలస నుంచి కిరండోల్ దాకా సుమారు 450 కిలోమీటర్ల ఈ కేకే లైను 1960లలో పుట్టింది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్నుంచి జపాన్‌కి చేర్చడానికి కొండల్ని తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో వేశారు. అనంతగిరి కొండల్లోని సిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఇప్పుడు రెండో లైను పనులు సాగుతున్నాయి కానీ, ఆయన ఉద్యోగకాలమంతా ఈ ఘాట్‌లో ఒకటే పట్టాల జత. ఎదురెదురుగా వచ్చే బళ్లు దాటుకోవాలంటే స్టేషన్లోనే. ఒకటి లూప్‌లోకి వెళ్లి ఆగాలి, రెండోది దాటిపోవాలి. పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే బండి కదలకూడదు.

‘‘టైంటేబుల్లో క్రాసింగులన్నీ ముందే రాసి ఉండేవి కదా నాన్నా. మరి కంట్రోలరెందుకు, మీరెందుకు?’’

‘‘టైంటేబుల్ వేసేవాడు ఆఫీసులో కూర్చుని వేస్తాడమ్మా. వానాకాలంలో కొండచరియ విరిగి పట్టాల మీద పడుతుందని వాడికేం తెలుసు? ఇంజిన్ ఫెయిలైతే? వాడి లెక్క వాడిది, లైను మీద ఉండేది మేము’’ అన్నారాయన.

సరిగ్గా ఈ వాదనే కంప్యూటర్ రంగంలో ముప్పై ఏళ్లు నడిచింది. నిర్ణయాలన్నీ చిప్పులోనే తీసుకోవాలంటే దానికి బోలెడంత సర్క్యూటూ, కరెంటూ ఖర్చు. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరే ముందుగా కూర్చుని టైంటేబుల్ వేసేస్తే పోలేదా అన్నారు కొందరు. 1980లలో జోష్ ఫిషర్ ఈ బాట పట్టారు. మద్రాసు ఐఐటీలో చదివి అమెరికా వెళ్లిన బంట్వాల్ రామకృష్ణ రావు కూడా అదే బాటలో నడిచారు. ఒకే పని మళ్లీ మళ్లీ తిరిగే చోట, ఒక చుట్టు పూర్తవకముందే తర్వాతి చుట్టును మొదలుపెట్టేలా వరస కూర్చే పద్ధతికి ఆయన వేసిన పునాది నేటికీ కంపైలర్లలో ఉంది. 2002 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు ఆయన పేరిట ఐఈఈఈ సంస్థ ఒక పురస్కారం ఇస్తోంది.

ఆ ఆలోచనల మీదే హెచ్‌పీ, ఇంటెల్ కలిసి ‘ఇటానియం’ ప్రాసెసర్‌ని తయారుచేశాయి. 2001లో మార్కెట్లోకి వచ్చింది. కానీ అనుకున్నంతగా నిలదొక్కుకోలేదు. దానికి కారణాలు చాలానే ఉన్నా, ఆయన చెప్పిన కారణం వాటిలో ముఖ్యమైనది. ఏ అంకె మెమరీ నుంచి ఎంతసేపటికి వస్తుందో కంపైలర్‌కి ముందే తెలియదు. ఒకసారి నాలుగు టిక్కులు, ఒకసారి 300. కొండచరియలు ఎప్పుడు విరుగుతాయో టైంటేబుల్లో రాయలేనట్టే! 2021 జులైతో ఇటానియం సరఫరా ఆగిపోయింది.

అలాగని టైంటేబుల్ పనికిరానిదీ కాదు. పని ఎప్పుడూ ఒకే తీరుగా సాగే చోట అదే మేలు. ఫోన్లలో మాటనీ, బొమ్మనీ శుద్ధిచేసే క్వాల్‌కామ్ ‘హెక్సగాన్’ ప్రాసెసర్లు నేటికీ కంపైలర్ వేసిన వరసనే నమ్ముకుంటాయి. మిగతాచోట్ల కంపైలర్ ఒక టైంటేబుల్ వేస్తుంది, చిప్పు దాన్ని చూసుకుంటూ అప్పటికప్పుడు మార్చుకుంటుంది. రైల్వేలాగే ఇద్దరూ కావాలి.

యాభై రెండేళ్ల ఆలస్యం

‘‘ఇవన్నీ కనిపెట్టినవాళ్లలో ఒకావిడంటే నాకు చాలా ఇష్టం నాన్నా’’ అంటూ కూతురు లిన్ కాన్వే గురించి చెప్పింది.

1964లో ఐబీఎంలో చేరినప్పుడు కాన్వే వయసు పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు. ఏసీఎస్ అనే సూపర్ కంప్యూటర్ ప్రాజెక్టులో పనిచేస్తూ, ఒకే టిక్కులో ఒకటికి మించిన ఆదేశాలను వరసతో నిమిత్తం లేకుండా పంపించే పద్ధతిని రూపొందించింది. 1966లో సహోద్యోగులతో కలిసి దాని మీద నివేదిక రాసింది. పేరు ‘డైనమిక్ ఇన్‌స్ట్రక్షన్ షెడ్యూలింగ్’. ఆ తర్వాత రెండేళ్లకే ఉద్యోగం పోయింది. కారణం పనిలో లోపం కాదు. పుట్టుకతో పురుషుడిగా నమోదైన తను స్త్రీగా మారబోతున్నానని చెప్పడం. 1969లో ఆ ప్రాజెక్టూ ఆగిపోయింది. ఆమె చేసిన పని గురించి బయటి ప్రపంచానికి తెలియలేదు.

కొత్త పేరుతో, గతం గురించి ఎవరికీ చెప్పకుండా ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. 1980లో కార్వర్ మీడ్‌తో కలిసి రాసిన పుస్తకం లక్షల ట్రాన్సిస్టర్ల చిప్పుల్ని ఎలా డిజైన్ చేయాలో ఒక తరం ఇంజినీర్లకి నేర్పింది. ఇవాళ మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ‘వీఎల్ఎస్ఐ’ అనే సబ్జెక్టు చదివే పిల్లలంతా ఎంతో కొంత ఆమె శిష్యులే. ఉద్యోగంలోంచి తీసేసినందుకు ఐబీఎం ఆమెకి క్షమాపణ చెప్పింది 2020 అక్టోబరులో. అంటే 52 ఏళ్లకి! 2024 జూన్‌లో, 86 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

‘‘ఆవిడ పని ఎప్పుడో పూర్తయింది. వంతు రావడానికే అంత కాలం పట్టింది’’ అంది కూతురు.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వంతు రాని ఆదేశం

‘‘నీ ఫంక్షన్‌కి రాలేదు కదా...’’ అని ఆమే మొదలుపెట్టింది.

అప్పుడు వాళ్ల చిప్పు డిజైను ఫ్యాక్టరీకి వెళ్లడానికి మూడు వారాలుంది. ఒకసారి వెళ్లిపోతే సిలికాన్ మీద గీసిన గీతను చెరపలేరు. మళ్లీ చేయాలంటే నెలల కాలం, కోట్ల రూపాయలు. పరీక్షల్లో ఎప్పుడో ఒకసారి, లక్షల్లో ఒకసారి చిప్పు ఆగిపోతోంది. కారణం దొరకడం లేదు. రాత్రీ పగలూ వెతికితే చివరికి కనిపించింది... ఒక ఆదేశం. దానికి కావాల్సిన అంకెలన్నీ అందాయి. అన్నివిధాలా సిద్ధంగా ఉంది. అయినా దాని వంతు రావడం లేదు. వెనకొచ్చినవి దాన్ని దాటిపోతూనే ఉన్నాయి. అందరూ వెళ్తున్నారు కాబట్టి యంత్రం బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తోంది. అదొక్కటే అలా మిగిలిపోతోంది. ఇంజినీర్లు దీన్ని ‘స్టార్వేషన్’ అంటారు. అంటే పస్తులుండటమే. ఇలా జరగకూడదనే చాలా చిప్పుల్లో ఒక నియమం పెడతారు... సిద్ధంగా ఉన్నవాటిలో అందరికంటే ముందొచ్చినదాన్నే ముందు పంపాలని. ఆ నియమంలోనే ఎక్కడో చిన్న పొరపాటు.

‘‘అది దొరికింది సరిగ్గా నీ ఫంక్షన్ రోజు పొద్దున్న. వదిలేసి రాలేకపోయాను. ఆ సంగతి ఫోన్లో ఎలా చెప్పాలో కూడా తెలియలేదు. పని ఉందని మాత్రం అన్నాను.’’

ఆయన నిప్పుల వంక చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి అడిగారు.

‘‘నీకు గుర్తుందా... నువ్వు ఇంటర్ చదివేటప్పుడు సంక్రాంతికి కిరండోల్ ప్యాసింజర్‌లో వస్తున్నావు. నా స్టేషన్లోనే బండి ఆగింది.’’

గుర్తులేకేం! నిండు ప్యాసింజరు. చంటిపిల్లల ఏడుపులు. సంతకి వెళ్లొస్తున్నవాళ్లు గంపలు పట్టుకుని తలుపుల దగ్గర నిలబడ్డారు. గంట దాటినా సిగ్నల్ పడలేదు. కిటికీలోంచి ‘నాన్నా’ అని పిలిస్తే ఆయన చూసి కూడా తల తిప్పుకున్నారు. అందరూ ఆయన్నే తిడుతున్నారు. ఆ రోజు తిట్లు వింటూ ఆమె సిగ్గుతో తలొంచుకుంది. తర్వాత చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

‘‘పైనుంచి ఖనిజం నిండిన గూడ్సు ఘాట్ దిగుతోంది. అంత బరువున్న బండిని నడివాలులో ఆపించడం కంటే మీ బండిని లూప్‌లో పెట్టడమే క్షేమం. కంట్రోలర్ చెప్పాడు, నేను పెట్టాను. లెక్క ప్రకారం అదే సరైన పని. ఇవాళ పెట్టమన్నా అదే చేస్తాను. కానీ...’’

ఆయన ఒక్క క్షణం ఆగారు.

‘‘ఆ ప్యాసింజరు ఎక్కేది ఈ కొండలవాళ్లే కదమ్మా. లైను వాళ్ల కొండల్లోంచే పోతుంది. ఆగేదీ వాళ్ల బండే. ఎందుకు ఆగిందో వాళ్లకి ఎవరూ చెప్పేవాళ్లం కాదు. చిప్పులో ఆగినదానికి ఆకలెయ్యదు, చంటిపిల్ల ఉండదు. మనుషులకి మాత్రం ఆపినందుకు కాదు కోపం... ఎందుకు ఆపామో చెప్పనందుకు.’’

‘‘నేనూ నీకు చెప్పలేదుగా’’ అంది ఆమె మెల్లగా.

‘‘ఇప్పుడు చెప్పావుగా!’’

‘‘బాబూ, బొంగు అయిపోనాది. రండి!’’ దుకాణం ఆమె కేకేసింది. చీల్చిన వెదురులోంచి ముక్కల్ని అడ్డాకులో పోసి ముందు ఆయన చేతికిచ్చింది. అదే సమయంలో ఆయన ఫోన్ మోగింది. బావగారు. పిచ్చాపాటీ అయ్యాక యథాప్రకారం అటునుంచి ఆ ప్రశ్నే వచ్చింది... అమ్మాయి ఏం చేస్తోందీ అని.

ఆయన కూతురి వైపు చూసి, గొంతు సవరించుకుని అన్నారు.

‘‘మా అమ్మాయా బావగారూ... నాలాగే, స్టేషన్ మాస్టరే. కాకపోతే దాని స్టేషన్ గోరంత ఉంటుంది. సెకనుకి 300 కోట్ల సార్లు సిగ్నల్ చూసుకోవాలి. ఏ బండీ లూప్‌లో మర్చిపోకూడదు!’’